తలదాచుకునే చోటు మామూలు రోజుల్లో కూడా తెరిచి ఉండాలి

పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన ప్రతిసారీ, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది. "ముందే చెప్పాం, షెల్టర్‌కి రమ్మన్నాం, వాళ్ళే రాలేదు." ఆఫీసర్లు అంటారు, టీవీలో అంటారు, ఆ తర్వాత మనం కూడా అనేస్తాం, ఏం జనమో ఏమో చెప్తే వినరు, ప్రాణం కన్నా సామాన్లే ఎక్కువైపోయాయి వీళ్ళకి అని. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళు లేచొచ్చి జవాబు చెప్పలేరు కాబట్టి తప్పంతా వాళ్ళ మీదకి తోసేయడం తేలిక, అంతకన్నా ఇంకేం లేదు. నేను కొన్నేళ్ళుగా ఈ విషయం గురించి దొరికినవి దొరికినట్టు చదువుతున్నా, చదివేకొద్దీ నాకు ఒకటే గట్టిగా అనిపిస్తోంది. ఆఖరి గంటలో మనిషి తనకి తెలియని చోటికి పోడు. తెలిసిన చోటికే పోతాడు, రోజూ వెళ్ళే చోటికి, పోయినసారి వెళ్ళిన చోటికి, పిల్లల్ని దింపే చోటికి. అది మంచి చోటైతే బతుకుతాడు, కాకపోతే లేదు. అందుకని ఆశ్రయం అనేది ఏడాదికోసారి తాళం తీసే గదిలా ఉంటే దాని గోడలు ఎంత మందంగా ఉన్నా పెద్దగా లాభం లేదు అని నా వాదన.

ముందు ఆ ఇంట్లోకి ఒక్కసారి వెళ్ళి చూద్దాం. మధ్యాహ్నం మూడో నాలుగో అయింది. మైకులో చెప్పి వెళ్ళారు, రాత్రికి తుఫాను తీరం దాటుతుంది, ఖాళీ చేయండి అని. బయటికి చూస్తే గాలి కొంచెం ఎక్కువగా ఉంది, జల్లు పడుతోంది, అంతే, ఇలాంటి రోజులు ఎన్ని చూశారో వాళ్ళు. ఇంట్లో నడవలేని ముసలావిడ ఉంది, చంటిబిడ్డ ఉంది, కొట్టంలో గేదెలున్నాయి. వెళ్తే పోయేది ఏంటో వాళ్ళకి కచ్చితంగా తెలుసు, కూలి పోతుంది, ఇంటికి కాపలా పోతుంది, గేదెని ఎవరు చూస్తారో తెలీదు, అక్కడ వందల మంది మధ్య ఆడపిల్లని ఎక్కడ పడుకోబెట్టాలో తెలీదు. వెళ్ళకపోతే పోయేది మాత్రం "రావచ్చు, రాకపోవచ్చు". పోయినసారి ఇలాగే చెప్పారు, వెళ్ళారు, తుఫాను పక్కకి తిరిగిపోయింది, తిరిగొచ్చేసరికి ఇంట్లో సామాను పోయింది. ఇలాంటి లెక్క ముందు పెడితే మనలో చదువుకున్నవాళ్ళం ఎంతమందిమి లేచి వెళ్తాం చెప్పండి? వాళ్ళు ఆలోచించకుండా ఆగిపోయారని అనుకోవడం తప్పు. ఆలోచించే ఆగిపోయారు. ఆ లెక్కలో ఏ అంకె మారిస్తే వాళ్ళు కదులుతారు అన్నది మనం అడగాల్సింది.

ఈ అంకెలు మార్చొచ్చని బంగ్లాదేశ్ చూపించింది. 1970 నవంబర్ 12 రాత్రి భోలా తుఫాను వచ్చినప్పుడు (అప్పటికి అది తూర్పు పాకిస్తాన్) మూడు లక్షల నుంచి ఐదు లక్షల మంది దాకా పోయారని అంచనా, ఒక్క రాత్రిలో, చాలావరకు ఉప్పెన నీళ్ళల్లో. 1991 ఏప్రిల్ 29న మళ్ళీ భయంకరమైన తుఫాను, ఈసారి సుమారు 1,40,000 మంది. 2007 నవంబర్‌లో సిడర్ వచ్చింది, అది కూడా తక్కువదేం కాదు, పోయినవాళ్ళు దాదాపు 3,400. ఒక్క ప్రాణం పోయినా ఎక్కువే, కానీ లక్షల నుంచి వేలకి రావడం అంటే మధ్యలో ఏదో పెద్ద పని జరిగింది. అందరూ "షెల్టర్లు కట్టారు" అని చెప్పి ఆపేస్తారు. కట్టారు, నిజమే. కానీ ఆ కట్టినవి ఏంటి అని చూస్తే చాలావరకు బడులు. కింద స్తంభాలు, నీళ్ళు కిందనుంచి పోతాయి, పైన క్లాసులు. మామూలు రోజుల్లో పిల్లలు అదే మెట్లు ఎక్కుతారు, తల్లులు అదే గుమ్మం దాకా వస్తారు. తుఫాను రాత్రి ఆ మెట్లు ఎవరికీ కొత్త కాదు, చీకట్లో కూడా కాళ్ళకి తెలుసు.

ఇంకోటి, అక్కడ 1972 నుంచి నడుస్తున్న తుఫాను సన్నద్ధత కార్యక్రమంలో వాలంటీర్లు ఊళ్ళోవాళ్ళే. ఇప్పుడు డెబ్బై వేలకు పైగా ఉన్నారు, అందులో సగం మంది దాకా ఆడవాళ్ళు. జెండాలు ఎగరేయడం, మెగాఫోన్ పట్టుకుని తిరగడం, చేత్తో తిప్పే సైరన్ మోగించడం, నడవలేనివాళ్ళని మోసుకెళ్ళడం, ఇదంతా వాళ్ళ పని. ఆడవాళ్ళు ఎందుకంత మంది అంటే దానికి వెనకాల 1991 ఉంది. ఆ తుఫానులో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు చాలా ఎక్కువమంది చనిపోయారు, ముఖ్యంగా చిన్న వయసు తల్లులు. ఇంట్లో పెద్ద మగవాడు వచ్చి చెప్పేదాకా కదలకూడదు అనుకున్నవాళ్ళు, పిల్లల్ని ఒక్కళ్ళే ఎత్తుకోవాల్సి వచ్చినవాళ్ళు, నీళ్ళల్లో చీర కాళ్ళకి చుట్టుకున్నవాళ్ళు, షెల్టర్‌లో విడిగా గది లేదు బాత్‌రూమ్ లేదు పరాయి మగవాళ్ళ మధ్య ఎలా ఉండాలి అని వెనకాడినవాళ్ళు. ఒక బాత్‌రూమ్ తలుపు లేకపోవడం వల్ల ప్రాణం పోతుందా అంటే, పోతుంది. నేను ఈ ఒక్క విషయం ఎంతమందికి చెప్పినా మొదట నవ్వినట్టు చూస్తారు, తర్వాత ఇంట్లో ఆడవాళ్ళని అడిగి వచ్చి మాట్లాడరు.

గేదెల సంగతీ అంతే. పశువు వదిలి రాను అన్నవాడిని మూర్ఖుడు అనడం మనకి అలవాటు. ఆ పశువే ఆ ఇంటి ఆస్తి, రేపటి పాలు, పిల్ల పెళ్ళి, అన్నీ అదే. దాన్ని వదిలి వచ్చి తను మాత్రం బతికితే ఎల్లుండి నుంచి ఎలా బతకాలి? బంగ్లాదేశ్ తీరంలో మట్టితో ఎత్తుగా పోసిన దిబ్బలున్నాయి, కిల్లాలు అంటారు వాటిని, మనుషులతో పాటు పశువుల్ని కూడా అక్కడికి తోలుకుపోతారు. పశువుకి చోటు చూపిస్తే మనిషి కదులుతాడు అని ఎవరో సరిగ్గా పట్టుకున్నారు. ఇది బీదవాళ్ళ దేశాల్లో గొడవ మాత్రమే అనుకుంటే, 2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు కుక్కనీ పిల్లినీ షెల్టర్లలోకి రానివ్వం అన్నారని చాలామంది మునిగిపోతున్న ఇళ్ళల్లోనే ఉండిపోయారు. తర్వాతేడాది, 2006లో, ఖాళీ చేయించే ప్లాన్‌లో పెంపుడు జంతువులకి కూడా చోటు చూపించాలని ఏకంగా చట్టమే చేశారు. డబ్బున్న దేశమైనా లేని దేశమైనా మనిషి బుర్ర ఒకేలా పనిచేస్తుంది, తనని నమ్ముకున్న ప్రాణాన్ని వదిలి వెళ్ళమంటే వెళ్ళడు. అది మూర్ఖత్వం అని నేను ఒప్పుకోను.

మన దగ్గర 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి వినని తెలుగువాళ్ళు ఉండరు, పదివేల మందికి పైగా పోయారు. 1999 అక్టోబర్‌లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో కూడా దాదాపు పదివేల మంది. అదే ఒడిశాలో 2013లో ఫైలిన్ వచ్చేసరికి దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించగలిగారు, 2019 ఫనికి పన్నెండు లక్షల మందిని, చనిపోయినవాళ్ళ సంఖ్య పదుల్లోకి వచ్చింది. అదే జనం. అదే "చెప్తే వినని" జనం. ఇరవై ఏళ్ళలో వాళ్ళకి కొత్తగా బుద్ధి వచ్చిందా? లేదు కదా. వెళ్ళడానికి తగ్గ చోటు, తగ్గ కబురు, తీసుకెళ్ళే మనిషి వచ్చాయి.

ఇప్పుడు నా వాదనకి అసలు ఆయువుపట్టు లాంటి సంగతి చెప్తా. జపాన్‌లో కమైషి అనే ఊరుంది, సముద్రం ఒడ్డున. అక్కడ ఉనోసుమై అనే పేటలో విపత్తు నివారణ కేంద్రం అని ఒక కొత్త బిల్డింగ్ ఉండేది. 2011 మార్చి 11న భూకంపం రాగానే చాలామంది అక్కడికి పరుగెత్తారు. అది సునామీకి మొదట పారిపోవాల్సిన చోటు కాదు, ఆ చోటు వేరే ఉంది, ఇంకా ఎత్తులో. కానీ ఆ ఎత్తు ఎక్కడం ముసలివాళ్ళకి కష్టం అని, డ్రిల్లుకి ఎక్కువమంది రావాలని, డ్రిల్లులు మాత్రం ఈ కేంద్రంలోనే పెట్టేవాళ్ళు, ఆ భూకంపానికి కొద్దిరోజుల ముందు కూడా అక్కడే జరిగింది. జనం డ్రిల్లులో నేర్చుకున్న చోటికే వచ్చారు. సునామీ ఆ బిల్డింగ్‌ని ముంచేసింది, వందమందికి పైగా అక్కడే పోయారు. నాకు ఇది చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. వాళ్ళు చెప్పినమాట విన్నవాళ్ళు అండి. ప్రాక్టీసుకి వచ్చినవాళ్ళు, బాధ్యత ఉన్నవాళ్ళు. పేపర్ మీద సరైన చోటు ఇంకోటి రాసి ఉన్నా కాళ్ళు మాత్రం అలవాటైన చోటికే తీసుకెళ్ళాయి.

అదే పేటలో బడిపిల్లలు బతికారు. హైస్కూలు పిల్లలు చిన్న బడి పిల్లల చేతులు పట్టుకుని ముందు అనుకున్న చోటికి పరుగెత్తారు, అక్కడ కొండచరియ విరిగిపడటం చూసి ఇది సరిపోదని ఇంకా పైకి, అక్కడినుంచి ఇంకా పైకి పోయారు. వాళ్ళకి ఏళ్ళ తరబడి నేర్పింది ఒక బిల్డింగ్ పేరు కాదు, పైకి పోవడం నేర్పారు, ఎవరికోసమూ ఆగకుండా పోవడం నేర్పారు. ఇంకోచోట, ఓకవా అనే చిన్న బడిలో, వెనకాలే గుట్ట ఉన్నా ఎటు పోవాలో తేలక పిల్లల్ని దాదాపు 50 నిమిషాలు గ్రౌండులోనే నిలబెట్టారు, 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. ఆ గుట్ట వాళ్ళకి కొత్తదేం కాదు, కానీ ఆపదలో వెళ్ళాల్సిన చోటు అదే అని ముందుగా ఎవరూ తేల్చి పెట్టలేదు, ఆ రోజు తేల్చుకోవడానికి కూర్చుంటే టైం అయిపోయింది.

ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు, అప్పటినుంచి ఆ దీవిలో అమ్మమ్మలు తాతయ్యలు పిల్లలకి పాటల్లో కథల్లో చెప్తూ వచ్చారు, భూమి గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలి అని. 2004 డిసెంబర్ 26న ఆ దీవి భూకంప కేంద్రానికి చాలా దగ్గర్లో ఉంది, సుమారు 78,000 మంది జనాభా, చనిపోయింది ఏడుగురు. అక్కడ సైరన్ లేదు, షెల్టర్ లేదు. రోజూ పశువుల వెంట, చెట్ల కోసం ఎక్కే కొండ ఉంది, జోలపాటలో విన్న మాట ఉంది. నేను షెల్టర్ అనే మాటని ఇక్కడిదాకా సాగదీస్తున్నా అని మీకనిపించొచ్చు, కానీ తలదాచుకోవడం అంటే ఇదే కదా, ఎటు పోవాలో ఆలోచించక్కర్లేకుండా ఉండటం.

చిన్న స్థాయిలో చూస్తే పిడుగు. వాన వస్తే మనం ఎక్కడికి పోతాం? చెట్టు కిందకి. చిన్నప్పటినుంచి అదే అలవాటు, ఎండకి చెట్టే, వానకి చెట్టే, అన్నం తినడానికి చెట్టే. మన దేశంలో ఏటా రెండువేల మందికి పైగా పిడుగులకి చనిపోతున్నారు, పొలాల్లో బయట పనిచేసేవాళ్ళే ఎక్కువ, చెట్టు కింద నిలబడి పోయినవాళ్ళు అందులో చాలామంది. పిడుగు చెట్టు మీద పడి పక్కనున్న మనిషి మీదకి దూకుతుంది, వేర్ల చుట్టూ నేలలో కూడా కరెంటు పాకుతుంది, దాంతో కాళ్ళు రెండూ దూరంగా పెట్టి నిలబడినవాడికి ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగుతుంది, పశువులు గుంపుగా చచ్చిపోవడానికి కారణం కూడా అదే. ఇది చెప్పి "చెట్టు కిందకి పోవద్దు" అని పోస్టర్ అంటిస్తాం. మరి ఎక్కడికి పోవాలి? అది పోస్టర్‌లో ఉండదు. చుట్టూ రెండు కిలోమీటర్లు ఖాళీ పొలం, ఉన్నదల్లా ఆ చెట్టు, ఒక తాటాకుల పాక. ఆ పాక కూడా పిడుగుకి పనికిరాదు. కరెంటు వైర్లు, నీళ్ళ పైపులు ఉన్న పక్కా ఇల్లు, లేదా ఇనప టాప్ ఉన్న కారు, బస్సు, ఇవీ నమ్మదగ్గవి. మెరుపు కనిపించాక ఉరుము వినపడటానికి 30 సెకన్ల లోపే పడితే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అప్పటికే లోపల ఉండాలి, ఆఖరి ఉరుము విన్నాక ఇంకో 30 నిమిషాలు లోపలే ఉండాలి. నడిచిపోయే దూరంలో అలాంటి గది ఒక్కటి కట్టి, మధ్యాహ్నం అన్నాలు తినడానికి, కాస్త నడుం వాల్చడానికి వాడుకోనిస్తే, ఉరుము వినపడగానే కాళ్ళు అటే పోతాయి. "వద్దు" అనే మాట ఒక్కటీ ఎవరి ప్రాణమూ కాపాడదు, వద్దన్నదాని బదులు ఇంకోటి చూపించాలి.

అలవాటు ఎంత త్వరగా ఏర్పడుతుందో చూడాలంటే అమెరికా టోర్నడోల్లో (భయంకరమైన సుడిగాలుల్లో) ఒక ఉదాహరణ ఉంది. 1991లో కాన్సాస్‌లో ఒక టీవీ బృందం హైవే బ్రిడ్జి కింద నక్కి టోర్నడో నుంచి బయటపడింది, ఆ వీడియో దేశమంతా చూశారు, దాంతో బ్రిడ్జి కింద దాక్కుంటే బతుకుతాం అని జనం మనసులో పడిపోయింది. నిజానికి ఆ రోజు టోర్నడో బలహీనమైనది, పైగా నేరుగా వాళ్ళ మీంచి పోలేదు. మామూలుగా బ్రిడ్జి కింద ఇరుకులో గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది, ఎగిరొచ్చే రేకులు రాళ్ళు అక్కడే వచ్చి కొడతాయి. 1999 మే 3న ఓక్లహోమాలో అలా బ్రిడ్జిల కింద దాక్కున్నవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. ఒక్క వీడియో చాలు, తప్పుడు ఆశ్రయం నేర్పడానికి. మంచి ఆశ్రయం నేర్పడానికి మాత్రం మనం ఏడాదికోసారి ఒక మీటింగ్ పెట్టి సరిపెట్టేస్తాం.

నాకు స్వయంగా జరిగింది ఒకటి చెప్పాలి, పెద్ద విషయమేం కాదు. ఒకసారి దారిలో ఉండగా వడగళ్ళ వాన పట్టుకుంది, మామూలు వడగళ్ళు కావు, తగిలితే తల పగిలేలా ఉన్నాయి. ఎదురుగా పెద్ద బిల్డింగ్, లోపల విశాలమైన వరండా, ఖాళీగా ఉంది. గేటు దగ్గర నాతో పాటు ఒక పెద్దావిడ, బడి నుంచి వస్తున్న ఇద్దరు పిల్లలు. లోపలున్న కాపలా అతను గేటు తీయలేదు. "నాకు ఆర్డర్ లేదమ్మా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు, పాపం అతని మొహంలో కూడా బాధే ఉంది. పెద్దావిడ మళ్ళీ అడగలేదు, పిల్లల తలల మీద తన కొంగు కప్పింది. అవతల సగం కట్టి ఆపేసిన ఇంట్లోంచి పనివాళ్ళు కేకేశారు, "అమ్మా, ఇటు రండి, ఇటు రండి" అని. తలుపుల్లేవు, కిటికీల్లేవు, స్లాబు ఉంది, చాలు. ఆ కాపలా అతన్ని నేను తప్పుపట్టను. వానొస్తే గేటు తీయాలా వద్దా అనే నిర్ణయం అతనికి వదిలేసినవాళ్ళని తప్పుపడతా. ఆర్డర్ ఇవ్వాల్సినవాళ్ళు ఎక్కడో పొడిగా ఉంటారు, తాళంచెవి మాత్రం భయపడే మనిషి చేతిలో ఉంటుంది.

యుద్ధాల్లోనూ ఇదే జరిగింది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ప్రభుత్వం భూగర్భ రైల్వే స్టేషన్లని షెల్టర్లుగా వాడొద్దంది, జనం లోపలికి పోతే ఇక బయటికి రారేమో, పనులు ఆగిపోతాయేమో అని భయం. జనం ఏం చేశారంటే టికెట్ కొనుక్కుని కిందకి దిగి పైకి రావడం మానేశారు. ఎవరు ఆపగలరు? అది వాళ్ళు రోజూ ఎక్కి దిగే స్టేషనే. సెప్టెంబర్ చివరికి ఒక్క రాత్రిలో సుమారు 1,77,000 మంది అక్కడ పడుకున్నారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి మంచాలు, మరుగుదొడ్లు, తిండి ఏర్పాట్లు చేసింది. అంటే సరైన షెల్టర్ ఏదో జనమే ముందు చూపించారు, కాళ్ళతో. కాకపోతే ఇక్కడే ఇంకో సంగతి కూడా ఉంది. 1943 మార్చి 3న అదే లండన్‌లో బెత్నల్ గ్రీన్ స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాటలో 173 మంది చనిపోయారు, అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు కూడా పడలేదు. లోపలికి ఒకటే దారి, మెట్ల మీద మసక వెలుతురు, మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు, ఎవరో జారారు, వాళ్ళ మీద పడ్డారు. లోపల ఎంత భద్రంగా ఉన్నా గుమ్మం సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి చూపించింది. షెల్టర్ ఓపెనింగ్ అంటే రిబ్బన్ కట్ చేసి గోడలు చూపిస్తారు, ఎవరైనా మెట్లు కొలుస్తారా? వెయ్యి మంది ఒకేసారి చీకట్లో తడికాళ్ళతో వస్తే ఈ మెట్లు తట్టుకుంటాయా అని అడుగుతారా?

నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేకపోలేదు. గట్టి అభ్యంతరం స్కాట్లాండ్ నుంచి వస్తుంది. అక్కడ కెయిర్న్‌గార్మ్ కొండల మీద మంచులో చిక్కుకున్నవాళ్ళ కోసం తాళాల్లేని చిన్న చిన్న గుడిసెలుండేవి. 1971 నవంబర్‌లో కొండెక్కిన ఒక బడి బృందం మంచుతుఫానులో పడింది, కుర్రన్ అనే గుడిసె దగ్గరికి చేరితే చాలు అనుకున్నారు, ఒక గుంపు చేరింది, రెండోది చేరలేకపోయింది, ఐదుగురు విద్యార్థులు, వాళ్ళ వెంట ఉన్న యువ శిక్షకురాలు గడ్డకట్టి చనిపోయారు. తర్వాత పెద్ద చర్చ జరిగింది, గుడిసె ఉంది కదా అనే ధైర్యంతోనే జనం వాతావరణం బాలేకపోయినా పైకి పోతున్నారు, మంచులో అది కనపడకపోతే చావే, కాబట్టి అంత ఎత్తులో ఉన్నవి తీసేయాలి అని. కుర్రన్‌ని తీసేశారు. ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. సరదాకి కొండెక్కేవాడికి వెనక్కి తిరిగే ఛాన్సు ఉంది, అక్కడ ఆశ్రయం అనే ఎర లేకపోవడమే మంచిదేమో. కానీ సముద్రం ఒడ్డున ఇల్లున్నవాడు సరదాకి అక్కడ లేడు, అతను వెనక్కి తిరిగి ఎక్కడికి పోతాడు? రెండింటినీ ఒకే గాటన కట్టి "షెల్టర్లు కడితే జనం సోమరులవుతారు" అనడం నాకు నచ్చదు, అది లండన్‌లో అధికారులు పడిన భయమే, 1940లో అది తప్పని తేలిపోయింది.

రెండో అభ్యంతరం, రోజూ తెరిచి పెడితే పాడుచేస్తారు, సామాన్లు ఎత్తుకుపోతారు అని. పాడవుతుంది, నిజమే, వాడితే ఏదైనా అరుగుతుంది. కానీ వాడకపోతే ఏమవుతుందో చూడండి, తలుపు బందులు తుప్పు పడతాయి, ట్యాంకులో నీళ్ళుండవు, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు, ఆ రోజు వచ్చేసరికి తాళం పగలగొట్టాల్సిందే. వాడే బిల్డింగ్‌లో కొళాయి కారితే ఎల్లుండికి ఎవరో ఒకరు గొడవపెడతారు. ఫిన్‌లాండ్ చూడండి, సుమారు 55 లక్షల జనాభా ఉన్న దేశంలో 48 లక్షల మందికి సరిపోయే షెల్టర్లున్నాయి, 50,000కి పైగా. వాటిలో పెద్దవి తాళాలేసి పెట్టలేదు, పిల్లలు ఆడుకునే హాళ్ళు, జిమ్ములు, పార్కింగులు, రాతిలో తొలిచిన ఈతకొలను కూడా ఉంది హెల్సింకిలో. అవసరమొస్తే 72 గంటల్లో ఖాళీ చేసి షెల్టరుగా మార్చేయాలని రూలు. వాళ్ళకి డబ్బుంది, మనకి లేదు అంటారేమో, బంగ్లాదేశ్ బడి సంగతి పైనే చెప్పా కదా.

ఎండని కూడా ఇందులో కలపాలి, ఎందుకంటే ఎండ తుఫానులా శబ్దం చేయదు, ఇల్లే భద్రం అనిపిస్తుంది. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులకి 700 మందికి పైగా చనిపోయారు, అందులో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు చాలామంది, దొంగల భయంతో కిటికీలు కూడా తీయకుండా గదిలోనే ఉండిపోయారు. చల్లగా ఉండే హాళ్ళు ఊళ్ళో ఉన్నా ఎప్పుడూ వెళ్ళని చోటికి ఆ ఒక్కరోజు ఎవరు వెళ్తారు? రోజూ పేపర్ చదవడానికి వెళ్ళే లైబ్రరీ అయితే వెళ్తారు. నాలుగు రోజులు కనపడకపోతే "ఆయన రాలేదేంటి" అని అడిగేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు.

ఇంకోటి, షెల్టర్ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఏ ఆపదకైనా పనికొస్తుందని అనుకోకూడదు. 2013 నవంబర్‌లో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుఫాను వచ్చినప్పుడు టక్లోబాన్‌లో జనం వెళ్ళి తలదాచుకున్న కొన్ని కేంద్రాలే ఉప్పెనలో మునిగాయి, అవి గాలికి ఆగేవి, నీళ్ళకి కాదు. గాలికి పల్లంలో ఉన్న గట్టి గది మంచిది, నీళ్ళకి ఎత్తు మంచిది, భూకంపానికి ఖాళీ మైదానం, పిడుగుకి ఆ మైదానమే చావు. అందుకని మా ఊరి షెల్టర్ ఏది అని అడగడం చాలదు, దేనికి షెల్టర్ అని కూడా అడగాలి, ఎన్ని అడుగుల నీళ్ళదాకా అని అడగాలి. చెప్పలేకపోతే చెప్పేదాకా అడగాలి.

మీరున్న చోట ఏది మీ ఆశ్రయమో తెలిస్తే ఒక పని చేయమని నా మనవి. ఒక రాత్రి, టార్చి తీసుకుని, మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషితో కలిసి అక్కడిదాకా నడవండి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. వానలో, గాలిలో, చంకలో బిడ్డతో అయితే దానికి రెట్టింపు అనుకోండి. దారిలో కాలువో పల్లమో ఉంటే అది ముందే మునుగుతుంది, పారే నీళ్ళు మోకాలి లోతు కూడా లేకపోయినా మనిషిని పడేస్తాయి, రెండడుగుల లోతు వస్తే కారునే తేల్చేస్తాయి. కాబట్టి బయల్దేరాల్సిన టైం తుఫాను వచ్చే టైంని బట్టి లెక్కపెట్టొద్దు, ఆ పల్లం మునిగే టైంని బట్టి లెక్కపెట్టండి. ఎండగా ఉన్నప్పుడే, పక్కింటివాళ్ళు ఇంకా గుమ్మంలో నిలబడి మిమ్మల్ని వింతగా చూస్తున్నప్పుడే బయల్దేరాల్సి వస్తుంది ఆ లెక్క ప్రకారం. వాళ్ళని కూడా పిలవండి. అక్కడికి చేరాక తలుపు తీసి ఉందో లేదో, తాళంచెవి రాత్రిపూట ఎవరింట్లో ఉంటుందో, ఆ మనిషి ఊళ్ళో లేకపోతే రెండోది ఎవరి దగ్గరుందో అడిగి రండి.